వేల్స్ గాథల్లోని దిబ్బలు, సమాధులు, మునిగిన ఊళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో వేల్స్ ప్రాచీన గాథల మీద వేసిన చిన్న పరిచయ వ్యాసానికి ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. పర్లాకిమిడి నుంచి, బరంపురం నుంచి, గంజాం తీరం నుంచి, రాయగడ నుంచి రాసినవారందరూ వేరువేరు మాటలలో ఒకటే అడిగారు: ఆ కథలలో చెప్పిన చోట్లు నేల మీద ఉన్నాయా, ఉంటే వాటిని ఎవరు, ఎలా గుర్తుపట్టారు? అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. వెల్ష్ పేర్లను తెలుగు లిపిలో వీలైనంత దగ్గరగా రాశాము. ఆ భాషలోని కొన్ని ధ్వనులకు మన అక్షరాలు చాలవు.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించి ఉద్యోగ విరమణ చేసినవాడిని. మా అమ్మాయి కార్డిఫ్‌లో నర్సుగా పనిచేస్తున్నది. వచ్చే వేసవిలో మా దంపతులను రమ్మంటున్నది. మీ వ్యాసం చూసిన తరువాత మాబినోగి కథలను ఇంగ్లీషులో తెప్పించుకుని చదివాను. ఏ పుట తిప్పినా ఒక ఏరో, గుట్టో, రేవో పేరుతో సహా కనిపిస్తున్నది. చిన్నతనంలో మా తాతగారు మహేంద్రగిరి మీద కుంతి గుడి చూపించి పాండవులు ఇక్కడే తలదాచుకున్నారని చెబితే నమ్మాను. పెద్దయి చరిత్ర చదివాక నమ్మడం మానేశాను. వేల్స్ కథలను ఏ మేరకు నమ్మవచ్చు? అంత దూరం వెళ్లినవాళ్లం ఏ చోట్లు చూసి రావాలి?

జవాబు: మాస్టారూ, మీరు అడిగినది ఒక ప్రశ్నలా ఉన్నా అందులో రెండు ఉన్నాయి. కథలో చెప్పిన చోటు ఉన్నదా అనేది ఒకటి. అక్కడ ఆ సంగతి జరిగిందా అనేది రెండవది. వేల్స్ విషయంలో మొదటిదానికి చాలాసార్లు ఉన్నదనే చెప్పవలసి వస్తుంది, రెండవదానికి దాదాపు ఎప్పుడూ ఆధారం దొరకదు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకున్నందువల్లనే ఆ కథల వెంట బయలుదేరినవారిలో చాలామంది దారి తప్పారు. దిబ్బ దొరికింది గనుక దిబ్బ మీద కూర్చున్న రాజు కూడా దొరికాడని సంబరపడడం వారికి అలవాటు.

మాబినోగి నాలుగు భాగాల కథామాల, ఒక్కొక్క భాగాన్ని శాఖ అంటారు. చోట్లు నిజమని అంత ధైర్యంగా ఎందుకు అనగలుగుతున్నామో నాలుగవ శాఖలోని పందుల కథ చెబుతుంది. గ్విడియన్ అనే మాయావి కవి వేషంలో దక్షిణాదికి వెళ్లి, ప్రిడేరి అనే రాజుకు మాయతో పుట్టించిన గుర్రాలను, వేటకుక్కలను ఇచ్చి, పాతాళలోకం వంటి అన్నువన్ నుంచి వచ్చిన పందులను మారకంగా పుచ్చుకుంటాడు. ఆ మాయ మర్నాటి వరకే నిలుస్తుంది గనుక పందులను తోలుకుంటూ ఉత్తరానికి పరుగు తీస్తాడు. రాత్రిళ్లు మజిలీ చేసిన ఊళ్లకు ఆ పందుల వల్లనే పేర్లు వచ్చాయని కథకుడు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతాడు. వెల్ష్‌లో ‘మోఖ్’ అంటే పందులు. మోఖ్‌డ్రె, మోఖ్‌నాంట్ అనే పేర్లు ఈనాటి పటంలో కూడా ఉన్నాయి. వాటిని గీతతో కలిపితే కార్డిగన్ సీమ నుంచి మధ్య వేల్స్ కొండల మీదుగా ఉత్తర తీరానికి నడిచిపోగలిగిన ఒక దారి తేలుతుంది. అంటే కథ కట్టినవాడు ఆ నేలను ఎరిగినవాడే. అయితే పందులు పడుకున్నందువల్ల ఆ ఊళ్లకు పేర్లు రాలేదు. పందులను పెంచుకునే ఊళ్లకు అప్పటికే ఆ పేర్లు ఉండగా, కథకుడు వాటిని పూసలుగా గుచ్చి ఒక ప్రయాణం తయారుచేశాడు. పేరు ముందు, కథ వెనుక. వేల్స్ గాథల స్థలాలను వెతికేవారు జేబులో పెట్టుకోవలసిన మొదటి కొలబద్ద ఇదే.

రెండవది వ్రాతప్రతుల కాలం. నాలుగు శాఖలూ మనకు పూర్తిగా దొరికేది రెండు ప్రతులలో మాత్రమే: 1350 ప్రాంతంలో రాసిన రిద్దెర్ఖ్ శ్వేతగ్రంథం, 1382 తరువాత కొద్ది దశాబ్దాలలో రాసిన హెర్గెస్ట్ రక్తగ్రంథం. మొదటిది ఆబెరిస్త్విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలోను, రెండవది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలోను ఉన్నాయి. లేడీ షార్లెట్ గెస్ట్ 1838 నుంచి 1849 వరకు వీటిని ఇంగ్లీషులో వెలువరించేదాకా వేల్స్ వెలుపల వీటిని చదివినవారు చాలా తక్కువ. ఆ అనువాదం వచ్చిన తరువాతనే పుస్తకం చేతబట్టుకుని గుట్టలు వెతికే యాత్రికులూ పుట్టారు.

మీరు తెలుగు బోధించినవారు గనుక మూడవ పనిముట్టు మీకు సులభంగా పట్టుబడుతుంది. వెల్ష్ మాటల మొదటి హల్లు సందర్భాన్ని బట్టి మారుతుంది. క, త, ప లు గ, ద, బ లు అవుతాయి. మన దగ్గర ద్రుతం మీద పరుషాలకు సరళాలు వచ్చినట్లే అనుకోండి. మనకు మారేది క చ ట త ప లతో ఆగిపోతుంది. వారికి బ, మ లు కూడా ‘వ’ గా మారతాయి. ఇది తెలియనివాడు పటంలో ఒక పేరును ‘గ’ కింద వెతికి, అది ‘క’ కింద ఉండగా లేదని తిరిగి వస్తాడు. బెద్ అంటే సమాధి, కైర్ అంటే కోట, టోమెన్ అంటే దిబ్బ, ల్లిన్ అంటే సరస్సు, ల్లెఖ్ అంటే పలకరాయి, సార్న్ అంటే రాళ్లు పరిచిన బాట, ఆబెర్ అంటే ఏరు కలిసే చోటు. ఈ ఏడు మాటలతో సగం పటం చదవవచ్చు.

ఇక చోట్ల సంగతి. మొదటి శాఖ ఆర్బెర్త్‌లో మొదలవుతుంది. పుయిల్ అనే రాజు కొలువు అక్కడే. దాని పక్కన ఒక దిబ్బ ఉన్నదని, దాని మీద కూర్చున్న రాజకులజుడికి దెబ్బలైనా తగులుతాయి, అద్భుతమైనా కనిపిస్తుందని కథ. పుయిల్‌కు గుర్రం మీద పోతున్న రియానన్ కనిపించింది. ఆర్బెర్త్ నేటి నార్బర్త్ పట్టణమేనని చాలామంది అంగీకరిస్తారు. దిబ్బ ఏదన్నదే తేలలేదు. శిథిల కోట ఉన్న గుట్ట అని కొందరు, ఊరికి దక్షిణాన ఉన్న క్యాంప్ హిల్ అని మరికొందరు అంటారు; అసలు ఆర్బెర్త్ అది కాదనీ, కార్డిగన్ పట్టణం దగ్గరి క్రిగ్ మౌర్ కొండే ఆ దిబ్బ అనీ వాదించేవారు కూడా ఉన్నారు. వారి వాదానికి బలం కథలోనే ఉంది: పుయిల్ ఆర్బెర్త్ నుంచి వేటకు బయలుదేరి, దారిలో ఒక రాత్రి గడిపి, మర్నాడు గ్లిన్ కిఖ్ లోయకు చేరతాడు. ఆ లోయ నేటికీ పెంబ్రోక్‌షైర్, కార్మార్థెన్‌షైర్ల సరిహద్దులో అదే పేరుతో ఉంది. కాని అది రెండు చోట్లకూ అందుబాటు దూరమే. నన్ను అడిగితే క్యాంప్ హిల్ పక్షానే మొగ్గుతాను. అయితే అది మొగ్గే తప్ప తీర్పు కాదు.

అన్నిటికంటే మనసును పట్టుకునేది బ్రాన్వెన్ సమాధి. రెండవ శాఖలో ఐర్లండ్ రాజుకు భార్యగా వెళ్లి, అక్కడ వంటశాలలో దెబ్బలు తిన్న బ్రాన్వెన్, తన కోసం జరిగిన యుద్ధంలో రెండు దీవులూ పాడైపోయాయని గుండె పగిలి చనిపోతుంది. ఆలౌ ఏటి ఒడ్డున నాలుగు పలకల సమాధి కట్టి ఆమెను పూడ్చారని కథ. 1813లో ఆంగిల్‌సీ దీవిలో, సరిగ్గా ఆలౌ ఒడ్డున, రాళ్ల కోసం ఒక దిబ్బను తవ్వుతుంటే రాతి పలకల గూడు, అందులో కాలిన ఎముకలతో కుండ బయటపడ్డాయి. ఇక చెప్పేదేముంది, బ్రాన్వెన్ దొరికిందన్నారు. 1966లో ఫ్రాన్సెస్ లించ్ అనే పురావస్తు పరిశోధకురాలు శాస్త్రీయంగా తవ్వి చూస్తే అక్కడ ఒక్కరు కాదు, పలువురి అస్థికలు కుండలలో దొరికాయి. అవి కంచుయుగం నాటివి, అంటే క్రీస్తుకు పూర్వం రెండవ సహస్రాబ్దికి చెందినవి. మాబినోగి రూపుదిద్దుకున్న కాలానికి ఆ సమాధి వయసు రెండున్నర వేల ఏళ్లకు పైమాటే. ఏటి ఒడ్డున ఎవరిదో తెలియని పాత సమాధి ఒకటి అందరికీ కనబడుతూ ఉన్నది; కథకుడు దానికి ఒక ఇల్లాలిని ఇచ్చాడు. ఆ ఇల్లాలి కథ విన్నవాడెవడికైనా ఆ దిబ్బ ఖాళీగా అనిపించదు, నేను మాత్రం అతణ్ణి తప్పుపట్టలేను.

హార్లెఖ్ కోటకు వెళ్లినప్పుడు జాగ్రత్తగా ఉండండి. బ్రాన్వెన్ అన్న బెండిగైడ్‌వ్రాన్ హార్లెఖ్ రాతి మీద కూర్చుని ఐర్లండ్ ఓడలు రావడం చూశాడని కథలో ఉన్నది. మీరు చూసే కోట మాత్రం ఇంగ్లండ్ రాజు ఒకటవ ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి వేల్స్‌ను అణచడానికి కట్టించినది. కథకు సంబంధించినది కోట కాదు, కోట కింది రాయి. సముద్రం కూడా అప్పటికంటే చాలా వెనక్కి తగ్గింది.

నాలుగవ శాఖ చోట్లలో డినాస్ డిన్ల్లె చూడదగినది. అది ల్లెయు అనే వీరుడి పేరు మోస్తున్న ఇనుపయుగపు కోట దిబ్బ, కార్నార్వన్‌కు నైరుతి తీరాన ఉన్నది. పడమటి వైపును అలలు ఇప్పటికే కొరికేశాయి, మిగిలినది కూడా ఏటేటా తగ్గుతున్నది. అక్కడి నుంచి ఆటు సమయంలో నీళ్లలో ఒక రాళ్ల గుంపు కనబడుతుంది. దాన్ని ల్లెయు తల్లి ఆరియన్‌రోద్ కోట అంటారు. అవి కట్టడాలు కావు, సహజమైన రాళ్లే. దిబ్బ మీద నిలబడి ఆ రాళ్లను చూస్తే మాత్రం తల్లీకొడుకుల పంతాల కథ అక్కడే ఎందుకు నిలిచిందో వేరే చెప్పనక్కరలేదు.

ఉత్తరాదికి అంత దూరం ప్రయాణం మీకు కష్టమనిపిస్తే, కార్డిఫ్ నుంచి పగటిపూట వెళ్లి రాదగినది ల్లిన్ ఎ వాన్ వాఖ్ అనే కొండ సరస్సు. చివరి మైలు నడవాలి, మోకాళ్లు చూసుకోండి. ఆ నీటిలోంచి వచ్చిన స్త్రీ ఒక రైతు కుర్రాడిని పెళ్లాడి, కారణం లేకుండా మూడుసార్లు తనపై చెయ్యి పడితే వెళ్లిపోతానన్నది. మూడవసారి తన పశువులన్నిటినీ పేరుపేరునా పిలుచుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆమె కొడుకులే మద్వై గ్రామపు వైద్యులయ్యారట. ఆ వైద్యులు కల్పితులు కారు. రివల్లాన్ అనే వైద్యుడు 13వ శతాబ్దంలో రీస్ గ్రిగ్ అనే ప్రభువు ఆస్థానంలో ఉండేవాడు. వారి పేర చెలామణి అయిన వైద్య గ్రంథం రక్తగ్రంథంలోనే ఉంది. సరస్సు నిజం, ఊరు నిజం, వైద్య కుటుంబమూ నిజమే. ఆ విద్యకు మూలం మనుషుల్లో కాక నీటిలో ఉన్నదని చెప్పుకోవడం ఆ కుటుంబపు ప్రతిష్ఠకు ఎంత ఉపకరించిందో ఊహించవచ్చు.

మీ తాతగారి మాటకు వద్దాం. మహేంద్రగిరి మీది కుంతి, ధర్మరాజు, భీముడి గుడులు పాండవులు కట్టినవి కావు, మధ్యయుగపు తొలినాళ్లవి. ఆ మాట నిజమే. అయితే భారీ రాళ్లతో కట్టిన ఒక చిన్న గుడిని చూసి దాన్ని ఎత్తగలిగినవాడు భీముడే అయి ఉంటాడని ఎవరో మొదట అన్నారు కదా. ఆ అన్నవారు ఎప్పటివారు, ఏ భాషవారు అన్నది కూడా చరిత్రే. మీరు నమ్మడం మానినా ఆ ప్రశ్న అడగడం మానకండి.

ప్రశ్న: బరంపురంలో మాది పట్టు నేసే కుటుంబం. వేల్స్‌లో ఒక ఊరిలో కుక్క సమాధి ఉన్నదని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. రాజు వేట నుంచి వచ్చేసరికి ఊయల తిరగబడి ఉన్నదట, కుక్క మూతికి నెత్తురు ఉన్నదట, బిడ్డను చంపిందనుకుని రాజు దాన్ని పొడిచేశాడట, ఆ తరువాత బిడ్డ క్షేమంగా, పక్కనే తోడేలు చచ్చి పడి కనిపించాయట. ఇది మా అమ్మమ్మ చెప్పిన ముంగిస కథే కదండీ? ఆ కథ అక్కడికి ఎలా వెళ్లింది? ఆ సమాధిలో ఏమున్నది?

జవాబు: అమ్మా, మీ అమ్మమ్మగారు చెప్పిన కథే అది. పంచతంత్రంలో నీళ్లకు వెళ్లి వచ్చిన తల్లి ముంగిస మూతి నెత్తురు చూసి బిందెతో కొట్టి చంపుతుంది. కొన్ని పాఠాలలో ఆ పని తండ్రి చేస్తాడు. మనకు పాము, వారికి తోడేలు, అంతే తేడా.

ఆ ఊరి పేరు బెద్‌గెలర్ట్. అక్కడి శిలాఫలకం మీద 13వ శతాబ్దపు రాజు ల్లెవెలిన్ కథ చెక్కి ఉంది. కుక్క పేరు గెలర్ట్. ఊరి పేరుకు గెలర్ట్ సమాధి అని అర్థం కూడా సరిగ్గా కుదురుతుంది. పైన మాస్టారికి చెప్పిన హల్లు మార్పును ఇక్కడ వాడి చూడండి. సమాధి పేరులో ‘గ’ ఉన్నదంటే అసలు పేరు ‘క’ తో మొదలై ఉండవచ్చు. కెలర్ట్ అనే పేరుగల మనిషి, బహుశా తొలి క్రైస్తవ కాలపు సాధువు, ఆ ఊరి పేరుకు మూలమని పండితులు భావిస్తారు. కుక్క మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1793 ప్రాంతంలో దక్షిణ వేల్స్ నుంచి వచ్చి ఆ ఊరిలో గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్, యాత్రికులకు చూపడానికి ఒక చోటు కావాలని, తనకు తెలిసిన కథకు ల్లెవెలిన్ పేరు తగిలించి, పొలంలో రాళ్లు నిలబెట్టించాడు. ఆ రాళ్ల కింద కుక్క లేదు. రెండు శతాబ్దాలకు పైగా జనం అక్కడ కన్నీళ్లు పెట్టుకుంటున్నారు, హోటళ్లు బాగానే నడుస్తున్నాయి.

ప్రిచర్డ్‌ను వట్టి మోసగాడనడం సరికాదని నా ఉద్దేశం. ఊరికి తెచ్చి పాతింది అతనే గాని, కథ వేల్స్‌కు కొత్తది కాదు. తన వేటకుక్కను చంపుకున్నవాడిలా పశ్చాత్తాపపడ్డాడు అనే సామెత వెల్ష్‌లో అంతకుముందే ఉంది. అది ఎలా చేరిందో అడుగు అడుగునా కాకపోయినా మజిలీలు తెలుసు. 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో ఆస్థానంలో పంచతంత్రం పహ్లవీ భాషలోకి వెళ్లింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీ చేశాడు. దీనికి సమాంతరంగా ఏడుగురు జ్ఞానుల కథలు అనే మరో కథామాల తూర్పు నుంచి యూరపుకు నడిచింది. అందులో ముంగిస స్థానంలో కుక్క వచ్చింది. ఆ ఏడుగురు జ్ఞానుల కథలకు మధ్యయుగపు వెల్ష్ అనువాదం ఉన్నది, అది ఉన్నది మరెక్కడో కాదు, మాబినోగి ఉన్న హెర్గెస్ట్ రక్తగ్రంథంలోనే. మీ అమ్మమ్మగారి కథ, బ్రాన్వెన్ కథ ఒకే అట్టల మధ్య ఆరు వందల ఏళ్లుగా పక్కపక్కన ఉన్నాయి. దారిలో ఫ్రాన్స్‌లో ఒక చోట పల్లెజనం ఇదే కథలోని గినెఫోర్ అనే కుక్కను సాధువుగా కొలిచి, జబ్బు చేసిన బిడ్డలను దాని సమాధి దగ్గరికి తీసుకుపోయేవారు. 13వ శతాబ్దంలో ఒక మతాధికారి దాన్ని తవ్వించి ఎముకలను తగలబెట్టించాడు.

మన వైపు ఎవరూ ముంగిసకు సమాధి చూపలేదు. మనకు ఈ కథ ఏ ఒక్క చోటుకూ కట్టుబడలేదు. చోటు లేని కథ దేశాలు దాటింది. చోటు దొరికిన చోట ఆగిపోయింది.

ప్రశ్న: మాది గంజాం తీరంలోని తెలుగు మత్స్యకార కుటుంబం. మా పెద్దలు పుట్టిన పాత పొడంపేట ఇళ్లను సముద్రం తినేసింది, గోడల మొండాలు నేనే చూశాను. వేల్స్‌లో కూడా సముద్రంలో మునిగిన రాజ్యం ఉన్నదని, నిశ్శబ్దంగా ఉన్న రాత్రి నీటి అడుగు నుంచి గంటలు వినబడతాయని మీ వ్యాసంలో రాశారు. సముద్రం ఊళ్లను తింటుందని మాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను, ఆ రాజ్యం నిజమేనా?

జవాబు: దాని పేరు కాంత్రెర్ గ్వైలోద్, అంటే అడుగున ఉన్న సీమ. వేల్స్ పడమటి తీరంలోని కార్డిగన్ అఖాతం కింద పదహారు పట్టణాల రాజ్యం ఉండేదని, గ్విద్నో దాని రాజని, కట్ట తలుపులు మూయవలసిన సైథెనిన్ తాగి పడిపోయిన రాత్రి సముద్రం లోపలికి వచ్చేసిందని ఇప్పుడు చెప్పుకునే కథ. పాత కథ ఇలా లేదు. 1250 ప్రాంతంలో రాసిన కార్మార్థెన్ కృష్ణగ్రంథంలోని పద్యం మెరెరిడ్ అనే కన్యను నిందిస్తుంది. ఆమె కాపలాలో ఉన్న బావి పొంగిపొరలిందట. అందులో తాగుబోతు కాపలాదారుడి కట్ట తలుపుల గాథ లేదు. అది తరువాతి శతాబ్దాల చేర్పు. జనానికి ఏ కాలంలో ఏది తెలుసో కథలో మునక కారణం అదే అయింది.

అయితే ఆధారం చూపమంటే చూపడానికి ఉన్నది. ఆబెరిస్త్విత్‌కు ఉత్తరాన బోర్త్ అనే ఊరి ఇసుకతీరంలో ఆటు బాగా తగ్గినప్పుడు చెట్ల మొదళ్లు వరుసలుగా బయటపడతాయి. ఓక్, పైన్, బర్చ్, ఆల్డర్ చెట్లు, వేళ్లతో సహా పెరిగిన చోటే నిలిచి ఉన్నాయి. 2014లో వచ్చిన తుఫానులు ఇసుకను ఊడ్చేయడంతో ఎప్పుడూ లేనంతగా కనబడ్డాయి. వాటి వయసు సుమారు 4,500 నుంచి 6,000 ఏళ్లు. కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన అక్కడి పీటు మన్నులో మనుషుల, పశువుల అడుగుజాడలు కూడా గట్టిపడి దొరికాయి. కాబట్టి నేల మునిగిందనేది, మనుషులు దాని మీద నడిచారనేది రుజువైన సంగతులు. పట్టణాల జాడ మాత్రం ఎక్కడా లేదు. హార్లెఖ్ దగ్గర నుంచి సముద్రంలోకి మైళ్ల పొడవున సాగే సార్న్ బాడ్రిగ్ వంటి రాళ్ల వరుసలను రాజ్యపు కట్టలని జనం చూపుతారు. ఆ పేరులోని సార్న్ అనే మాటకు అర్థమే బాట. కట్టినవి అవి కావు, మంచుయుగంలో హిమానీనదాలు తోసుకువచ్చి వదిలిన రాళ్ల గట్లు.

2022లో ఇద్దరు పరిశోధకులు ఒక కొత్త వాదం తెచ్చారు. బోడ్లియన్‌లో ఉన్న గఫ్ పటం అనే మధ్యయుగపు పటంలో కార్డిగన్ అఖాతంలో రెండు దీవులు గీసి ఉన్నాయి, అవి ఇప్పుడు లేవు. కోతకు గురైన తీరపు శేషాలు కావచ్చునని, గాథకు మూలం అవే కావచ్చునని వారి సూచన. నాకది ఆసక్తికరంగానే తోచింది గాని, పటం గీసినవాడి చేతి పొరపాటుకూ దీవికీ మధ్య తేడా చెప్పడం ఒక్క పటంతో అయ్యే పని కాదు.

ఐదు వేల ఏళ్ల నాటి మునకను నోటి మాటగా జనం గుర్తుపెట్టుకున్నారా అంటే, అంత అవసరం లేదనుకుంటాను. 12వ శతాబ్దంలో జెరాల్డ్ అనే వెల్ష్ మతాచార్యుడు పెంబ్రోక్ తీరంలోని న్యూగేల్ దగ్గర తుఫాను తరువాత సముద్రంలో మొదళ్లు తేలడం గురించి రాశాడు. గొడ్డలి దెబ్బలు నిన్న పడినట్లున్నాయని, కర్ర నల్లచేవలా ఉన్నదని వర్ణించి, జలప్రళయం నాటిది కాబోలనుకున్నాడు. కళ్లెదుట నీటిలో అడవి కనబడితే కథ మళ్లీ మళ్లీ కొత్తగా పుడుతుంది. మీకు ఇది వేరే చెప్పాలా? పొడంపేట మొండిగోడలను చూసిన మీ పిల్లలకు రేపు ఎవరు ఏ కథ చెబుతారో, అందులో తప్పు ఎవరి మీద వేస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. తారీఖు కూడా వేయండి.

ప్రశ్న: రాయగడ నుంచి అడుగుతున్నాను. ఆర్థర్ రాజు కొలువు వేల్స్‌లోనే ఉన్నదంటారు, దొరికిందా?

జవాబు: దొరకలేదు. కొలువని చెప్పిన చోటు మాత్రం కార్డిఫ్ పక్కనే ఉంది. కైర్‌లియన్ అనే ఆ ఊరు రోమన్ల రెండవ అగస్టా దళపు కోట. 1136 ప్రాంతంలో బ్రిటన్ రాజుల చరిత్ర రాసిన జెఫ్రీ అక్కడికి దగ్గరే ఉన్న మన్మత్ వాడు. ఊరిలో నిలిచి ఉన్న రోమన్ శిథిలాల వైభవం చూసి ఆర్థర్ సభను అక్కడ పెట్టాడు. గడ్డి పెరిగిన ఒక గుండ్రని పల్లాన్ని జనం, గాథల్లో ఆర్థర్ తన వీరులతో కూర్చునే గుండ్రని బల్ల అనేవారు. 1926, 27 సంవత్సరాలలో మార్టిమర్ వీలర్ ఆధ్వర్యంలో తవ్వితే అది సుమారు ఆరు వేల మంది కూర్చోగల రోమన్ క్రీడాప్రాంగణమని తేలింది. తవ్వకానికి కావలసిన డబ్బులో చాలాభాగం ఒక ఇంగ్లీషు దినపత్రిక ఇచ్చింది, ఆర్థర్ పేరు ఉన్నది గనుక. బల్ల లేకపోయినా బల్ల పేరు పని చేసిపెట్టింది.

ప్రశ్న: మాది పురుషోత్తమపురం వైపు. వేల్స్ వెళ్లే స్తోమత లేదు. ఇలా వెతకడం మన దగ్గర కూడా చేయవచ్చా?

జవాబు: మీరున్న చోటును వేల్స్‌వారు చూస్తే అసూయపడతారు. ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడ మీకు కూతవేటు దూరం. ఒడియాలో ‘జౌ’ అంటే లక్క. ఆ కోట గోడలు లక్కతో కట్టినవని, శత్రువు ఎక్కబోతే జారిపోయేవాడని చుట్టుపక్కల చెబుతారు. అక్కడికి వచ్చే తెలుగువారిలో కొందరు దాన్ని భారతంలోని లక్క ఇంటితో కలిపేస్తారు. నేను వెళ్లిన రోజున దారి చూపిన ముసలాయన కూడా అదే చెప్పి, ఎర్రమట్టి పెళ్ల ఒకటి నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. చూశాను; మట్టి వాసనే వచ్చింది.

వెల్ష్ కథలలో దీనికి కవల ఉన్నది. 9వ శతాబ్దపు ఒక లాటిన్ గ్రంథంలో కార్న్ కబాల్ అనే రాళ్ల కుప్ప వింతగా చెప్పబడింది. పైరాయి మీద ఆర్థర్ వేటకుక్క కబాల్ అడుగు ముద్ర ఉన్నదట, ఆ రాయిని ఎత్తుకుపోయినా మర్నాటికి కుప్ప మీదనే ఉంటుందట. కబాల్ అనే మాట గుర్రమనే అర్థమిచ్చే లాటిన్ పదానికి చాలా దగ్గర. కుక్కకు గుర్రం పేరు ఎందుకున్నదని ఆలోచించినవారు, ఆ చోటు పేరు ముందు ఉండి, అర్థం మరిచిపోయాక కుక్క పుట్టిందని అనుమానిస్తారు.

మీరు చేయవలసిన పని కూడా ఇదే. లక్క కథను కోట చుట్టూ ఉన్న ఊళ్లలో ఒడియావారి నోట, తెలుగువారి నోట విడివిడిగా విని రాసుకోండి. ఎవరు శత్రువును ఎవరంటున్నారో, భారతం పేరు ఎవరు తెస్తున్నారో గుర్తుపెట్టండి. ఆ తరువాత కోట లోపలి బండ దగ్గరికి వెళ్లండి. అశోకుడి ధర్మలిపి అక్కడ ఉన్నది. ఈ ఊరి అధికారులను ఉద్దేశించి అతడు ప్రత్యేకంగా రాయించిన రెండు శాసనాలు కూడా ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో చెక్కిన ఆ అక్షరాలలో ఈ ఊరి పేరు సమాపా. లక్క ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.